నవ్వుల మాటున రూబ్ వాడెల్

తెనాలి రామకృష్ణుని పేరు వినగానే మన పిల్లలకు స్ఫురించునది వేడిపాలు త్రాగి మూతి కాల్చుకొన్న పిల్లి, దొంగలచేత రాత్రి తెల్లవార్లు బావినీరు తోడించి తోట తడిపించుకొన్న చమత్కారము. 'పాండురంగ మాహాత్మ్యము' ఆయన ప్రబంధమన్న సంగతి పరీక్షకు చదువుకొన్నవారికి తప్ప తక్కినవారికి పట్టదు. లోకము ఒకనిని నవ్వుకొనుటకై ఎన్నుకొన్న తరువాత వాని పనిని చూచుట మానివేయును. పనిని చూడని లోకము వాని కష్టమును బొత్తిగా చూడదు. ఇది ఒక్క కవుల విషయముననే జరుగుననుకొనరాదు. నూరేండ్లకు పైగా గడచిన తరువాత కూడ అమెరికాలో చమత్కార కథల మూటగా మాత్రమే మిగిలిపోయిన ఒక ఆటగాని జీవితము నేటి మన ప్రస్తావన. ఆయన పేరు జార్జి ఎడ్వర్డ్ వాడెల్. లోకము పెట్టిన పేరు 'రూబ్'. పల్లెటూరి బైతు అని దాని అర్థము.

వాడెల్ ఆడిన ఆట బేస్‌బాల్. మన దేశమున అది విరివిగా ఆడునది కాదు గనుక రెండు మాటలు చెప్పుట అవసరము. క్రికెట్‌లో బౌలరు వంటివాడు ఇందులో పిచర్. అతడు పరుగెత్తుకొని వచ్చి బంతిని నేలకు కొట్టడు. ఒక చిన్న మట్టి దిబ్బపై నిలిచి, 60 అడుగుల 6 అంగుళాల దూరమునుండి గాలిలోనే విసరును. బ్యాటు పట్టినవాడు మూడు మంచి బంతులను తప్పినచో అవుటగును. దానిని స్ట్రైకవుట్ అందురు. ఇందులో మైదానమునందున్న తక్కిన ఆటగాండ్ర ప్రమేయము స్వల్పము. ఇది పిచర్ ఒక్కని బాహుబలమునకు గుర్తు. ముగ్గురు అవుటైనచో ఒక జట్టు వంతు ముగియును. అట్టి వంతులు జట్టుకు తొమ్మిది. ఇంత తెలిసిన చాలును.

వాడెల్ 1876 అక్టోబరు 13న పెన్సిల్వేనియా రాష్ట్రమున బ్రాడ్‌ఫర్డ్ సమీపమున పుట్టినాడు. పొడగరి, విశాలమైన భుజములవాడు, ఎడమచేతివాటము. 1897లో లూయీవిల్ జట్టున పెద్ద ఆటలో అడుగుపెట్టినాడు. 1900 నాటికి పిట్స్‌బర్గ్ జట్టులో ఉన్నాడు. ఆ యేడు నేషనల్ లీగు పిచర్లలో తన బంతులపై ప్రత్యర్థులకు అందరికంటె తక్కువ పరుగులు ఇచ్చినవాడు ఇతడే. అయినను పిట్స్‌బర్గ్ మేనేజరు ఫ్రెడ్ క్లార్క్ ఇతనిని భరింపలేక జట్టునుండి తాత్కాలికముగా తొలగించినాడు. చెప్పిన వేళకు రాడు. వచ్చినను ఉండునన్న నమ్మకము లేదు. చేపలు పట్టుటకు పోయెనా, వీధిపిల్లలతో గోలీలాడుచున్నాడా అని వెదకవలెను. అట్లు తొలగింపబడి పంక్సుటానీ అను చిన్న ఊరిలో అక్కడి జట్టుకు ఆడుకొనుచుండగా, ఆయన జీవితమున ముఖ్యుడైన మనుష్యుడు ప్రవేశించినాడు.

ఆ వచ్చినవాడు కోనీ మాక్. అప్పటికి మిల్వాకీ జట్టు మేనేజరు. 1901 నుండి 1950 వఱకు, ఏబది సీజన్లు, ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టును నడపిన మహానుభావుడు. ఆటగాండ్ర దుస్తులు వేసికొనక, కోటు, గట్టి కాలరు ధరించి బల్లమీద నిటారుగా కూర్చుండెడివాడు. గొంతెత్తి కసరుట ఆయనకు అలవాటు కాదు. వాడెల్‌ను తీసికొనిపోవుటకు స్వయముగా పంక్సుటానీ వచ్చినాడు. ఆ ఊరిలో వాడెల్‌కు అప్పులేని అంగడి లేదు. మాక్ వెంట నడచి, ఒక్కొక్క దుకాణములో బాకీ తీర్చి, చివరకు రైలుస్టేషను చేరినాడు. అక్కడ ఊరి పెద్దమనుష్యులు కొందఱు తమవైపు నడచి వచ్చుట చూచి, తమ పిచర్‌ను తీసికొనిపోనీయరు కాబోలునని ఆయన గుండె గుభేలుమన్నది. వారు చేయి కలిపి, వీనిని మా ఊరినుండి తీసికొనిపోవుచున్నందుకు ధన్యవాదములని చెప్పిరట. ఈ కథ మాక్ తానే తరువాత చెప్పుకొన్నది. చెప్పినవాడు నవ్వుచునే చెప్పియుండును. కాని ఆ స్టేషనులో నిలిచి ఆ మాట విన్న ఇరువదిమూడేండ్ల కుఱ్ఱవాడు కూడ నవ్వినాడా అన్న ప్రశ్న ఎవరును వేయలేదు.

ఆ ఆగస్టులోనే చికాగోలో జరిగిన సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకముగా వినదగినది. ఒకే దినమున రెండు ఆటలు. మొదటి ఆట తొమ్మిది వంతులతో తేలక, పదునేడు వంతులు సాగినది. ఆసాంతము వాడెల్ ఒక్కడే బంతి విసరి గెలిపించినాడు. మామూలుగా అట్టి ఆట తరువాత పిచర్‌కు కొన్ని దినములు విశ్రాంతి. మాక్ మాత్రము వాడెల్‌ను పిలిచి, రెండవ ఆట కూడ నీవే ఆడినచో పివాకీ సరస్సున చేపలు పట్టుకొనుటకు కొన్ని దినములు సెలవిత్తునన్నాడు. రెండవ ఆటను అయిదు వంతులకే కుదించుకొన్నారు. అందులో ప్రత్యర్థులకు ఒక్క పరుగైన రానీయక గెలిచి, వాడెల్ చేపల బుట్ట పట్టుకొని వెళ్లిపోయినాడు.

దీనిని లంచమనవచ్చునా? మనలో కొందఱు అందురు. నాకట్లు తోపదు. క్లార్క్ జరిమానాలు వేసినాడు, తొలగించినాడు, ఫలితము శూన్యము. మాక్ ఆ మనిషి దేనికొఱకు బ్రతుకుచున్నాడో కనిపెట్టినాడు. ధనము కాదు, పేరు కాదు. సరస్సు, గాలము, ఎవరును పిలువని నాలుగు దినములు. ముప్పది ఏండ్లకు పైగా తరగతి గదిలో నిలిచిన అనుభవముతో చెప్పగలను: కిటికీ వైపు చూచు పిల్లవానిని బెత్తముతో నల్లబల్ల వైపు త్రిప్పవచ్చును, చూపు తిరుగును గాని మనస్సు తిరుగదు. ఆ కిటికీ ఆవల ఏమున్నదో లేచి చూచు ఓపిక మనలో ఎందఱికి కలదు? అయితే ఒక సందేహము. పదునేడు వంతులు విసరిన భుజముచేత మఱి అయిదు వంతులు విసరించుట వాడెల్‌కు మేలా, జట్టుకు మేలా? మాక్ మంచివాడే. కాని ఆయనకును ఆట గెలువవలసి యున్నది.

1901లో పిట్స్‌బర్గ్ వారు ఇతనిని చికాగోకు అమ్మివేసినారు, అక్కడను నిలువలేదు. 1902లో లాస్ ఏంజలెస్ జట్టుకు ఆడుచుండగా, అప్పటికి ఫిలడెల్ఫియాకు వచ్చియున్న మాక్ పింకర్టన్ సంస్థ డిటెక్టివ్‌లను ఇద్దఱిని పంపి పిలిపించుకొన్నాడు. జూన్ నెలలో వచ్చి చేరినవాడు, మిగిలిన కాలములోనే 24 ఆటలు గెలిచినాడు. ఓడినవి ఏడు మాత్రమే. ఆ యేడు అథ్లెటిక్స్ అమెరికన్ లీగు విజేతలైనారు. 1902 నుండి 1907 వఱకు వరుసగా ఆరేండ్లు ఆ లీగులో స్ట్రైకవుట్లలో ఇతనిదే ప్రథమస్థానము. 1903లో 302. 1904లో 349. ఆ కాలమున బ్యాటర్లు పెద్ద దెబ్బలకు పోక, బంతిని ఎటో ఒకవైపు తాకించుటే ప్రధానముగా ఆడెడివారు. అట్టివారిని మూడేసి బంతులలో వెనుకకు పంపుట నేటికంటె కష్టతరము. మెఱుపు వంటి వేగము, చివరి క్షణమున విఱిగిపోవు వంపు, రెండును ఇంతగా కలిసిన చేయి మఱొకటి తాను చూడలేదని మాక్ వృద్ధాప్యమున కూడ చెప్పుచుండెడివాడు.

ఇక కథలకు వత్తము. అగ్నిమాపక యంత్రము గంట వినబడినచో వాడెల్ నిలువలేడు. దాని వెంట పరుగెత్తి, మంటలార్పువారికి సాయపడును. ఇది కల్పన కాదు. ఫైర్ స్టేషన్లలో నిదురించి వారితో తిరిగినవాడే. ప్రత్యర్థి జట్టువారు కుక్కపిల్లలను, మెఱయు ఆటబొమ్మలను ఎత్తి చూపి ఆయన దృష్టి మరల్చెడివారందురు. ఫ్లారిడాలో మొసళ్లతో కుస్తీ పట్టినాడందురు. ప్రదర్శనపు ఆటలలో మైదానమునందలి తన జట్టువారిని వెళ్లి కూర్చుండుడని పంపివేసి, తానొక్కడే ముగ్గురను వరుసగా అవుట్ చేసి జనమును వెఱ్ఱెత్తించెడివాడు. 1903 చివర 'ది స్టెయిన్ ఆఫ్ గిల్ట్' అను నాటకమున వేషము వేసి ఊరూర తిరిగినాడు. సంభాషణలు కంఠస్థము కాక, నోటికి వచ్చినది మాట్లాడెడివాడు. జనము దానికే ఎక్కువ సంతోషించెడివారు.

ఆయన బంతిని అందుకొను క్యాచర్, ప్రాణస్నేహితుడు, ఓసీ ష్రెకెంగోస్ట్. ఆ దినములలో పరాయి ఊళ్లలో ఆటగాండ్రు ఇద్దఱిద్దఱుగా ఒకే పడకమీద పరుండెడివారు. వాడెల్ పడకలో బిస్కట్లు తినకుండ కట్టడి చేసిన గాని ఒప్పందముపై సంతకము చేయనని ఓసీ పట్టుబట్టినాడని ప్రసిద్ధి.

1905 జూలై 4న బోస్టన్‌లో మహాపిచర్ సై యంగ్‌కు ఎదురుగా నిలిచి, ఇరువది వంతులు సాగిన ఆటను ఆదినుండి తుదివఱకు తానే విసరి, 4-2 పరుగులతో గెలిచినాడు. ఆనాటి బంతిని ఒక సారాదుకాణములో తాకట్టు పెట్టి త్రాగినాడట. దుకాణదారు దానిని గోడకు వ్రేలాడదీసినాడు. మఱికొన్ని నెలలకు చూడగా ఊళ్లో పలుచోట్ల అదే బంతి వ్రేలాడుచున్నదట! మన చాటుపద్యములు ఒక కవి చెప్పినవి మఱియొక కవికి అంటగట్టబడుట తెలిసినవారికి ఇందులో వింత లేదు. కథకు గిరాకి ఉన్నంతవఱకు బంతులకు కొఱత యుండదు.

కాని ఆ కథలో 'త్రాగినాడట' అన్న మాటను మనము ఎంత సులభముగా దాటివచ్చినామో గమనింపుడు. ఆనాటి పత్రికలును అట్లే దాటినవి. ఎడమచేతివాటమును తెలుపు ఇంగ్లీషు మాటను, త్రాగుబోతుతనమును తెలుపు మాటను జోడించి ఒక క్రీడాపత్రిక ఆయనకు బిరుదు కల్పించి మురిసిపోయినది. జీతము చేతిలో నిలువదని మాక్ చిల్లర నోట్లుగా కొంచెము కొంచెమే ఇచ్చెడివాడు. మూడుమార్లు పెండ్లి చేసికొన్నాడు. ఏ కాపురమును చక్కబడలేదు. ఇవన్నియు నవ్వు కథల చివర తోకలుగా అచ్చుపడినవి. నేటి వైద్యులలోను, చరిత్రకారులలోను కొందఱు ఆయన ప్రవర్తనకు ఏవేవో పేర్లు సూచించినారు. చనిపోయిన వానికి దూరమునుండి రోగనిర్ణయము చేయుట నాకు సమ్మతము కాదు. అంతమాత్రమున, మనస్సు ఒకచోట నిలువని మనిషిని ఒక యుగమంతయు వినోదముగా మాత్రమే చూచినదన్న నిజము మాసిపోదు. టిక్కెట్టు కొని వచ్చిన జనము సగము ఆట కొఱకు, సగము ఆయన ఏమి వింత చేయునో అని వచ్చినారు. యజమానులకు రెండు సగములును లాభమే.

1905 ఆయన ఉచ్చదశ. 27 విజయములు, 287 స్ట్రైకవుట్లు. తన బంతులపై సగటున తొమ్మిది వంతులకు ఒకటిన్నర పరుగులైన ఇవ్వలేదు. మూడింటను లీగుకు ప్రథముడు. జట్టు మరల లీగు గెలిచి ప్రపంచ శ్రేణికి సిద్ధమగుచున్నది. సెప్టెంబరు మొదట రైలుస్టేషనులో తోటి పిచర్ ఆండీ కోక్లీ గడ్డితో అల్లిన వేసవిటోపీ పెట్టుకొని కనబడినాడు. వేసవి ముగిసిన తరువాత అట్టి టోపీ కనబడినచో లాగి చింపుట అప్పటి కుఱ్ఱకారు సరదా. వాడెల్ దానిపై పడినాడు. పెనుగులాటలో ఎడమభుజమునకు దెబ్బ తగిలినది. ప్రపంచ శ్రేణిలో ఒక్క బంతియైన విసరలేకపోయినాడు. న్యూయార్క్ జెయంట్స్ పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ ఆ శ్రేణిలో మూడు ఆటలలో అథ్లెటిక్స్‌కు పరుగే ఇవ్వక గెలిచినాడు. శ్రేణి 4-1తో జెయంట్స్ పరమైనది. జూదగాండ్రు వాడెల్‌కు సొమ్మిచ్చి ఆటకు దూరముగా ఉంచినారని పుకారు పుట్టినది. అది ఏనాడును ఋజువు కాలేదు. చిత్రమేమనగా, పిల్లవాడని నవ్విన లోకమే ఆ పిల్లవానిలో అంత లోతైన కుట్రను చూడగలిగినది.

ఆ మీదట భుజము పూర్తిగా మునుపటి వలె లేదు. 1907లో అథ్లెటిక్స్ అతి స్వల్పమైన తేడాతో డెట్రాయిట్‌కు లీగును కోల్పోయినారు. తోటివారిలో విసుగు పెరిగినది. 1908 ఫిబ్రవరిలో మాక్ ఆయనను సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు అమ్మివేసినాడు. మాక్‌ను నేను నిందింపను, ఆరేండ్లు ఓర్చినాడు. కాని 'అమ్మివేసినాడు' అను క్రియాపదమును మనము అలవాటుగా చదువుకొనిపోవుచున్నాము. ఆనాటి ఒప్పందముల క్రింద ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోవుటకు వీలులేదు. జట్టు మాత్రము వానిని ఎవరికైన అమ్ముకొనవచ్చును. జబ్బుపడినచో, చేయి పడిపోయినచో పెన్షను లేదు. పెద్ద లీగులలో ఆటగాండ్రకు పెన్షను ఏర్పాటు 1947లో గాని రాలేదు.

అమ్మిన యేడే, జూలై 29న, వాడెల్ తన పాత జట్టు అథ్లెటిక్స్‌పై ఒకే ఆటలో 16 స్ట్రైకవుట్లు చేసినాడు. అందులో కోపమున్నదో, బెంగ యున్నదో, లేక ఆనాడు ఊరిలో మంటలు లేక మనస్సు కుదురుగా ఉన్నదో! 1910లో సెయింట్ లూయిస్ వారు కూడ విడిచిపెట్టినారు. పెద్ద లీగులలో 193 విజయములు, 2,316 స్ట్రైకవుట్లతో ఆ ఘట్టము ముగిసినది. పిదప మినియాపొలిస్ జట్టులో చేరి 1911లో మరల ఇరువది ఆటలు గెలిచినాడు. అక్కడి మేనేజరు జో కాంటిలన్. చలికాలమున ఆయన ఊరు, కెంటకీ రాష్ట్రమందలి హిక్‌మన్, వాడెల్‌కును ఇల్లయినది.

హిక్‌మన్ మిసిసిపీ నది ఒడ్డున ఉన్నది. 1912 వసంతమున నదికి వఱద వచ్చినది. కృష్ణ, గోదావరి తీరములవారికి కట్ట తెగునన్న భయము నేను వర్ణించి చెప్పనక్కఱలేదు. ఊరివారితో కలిసి వాడెల్ నడుము లోతు చన్నీటిలో గంటల తరబడి నిలిచి, కట్టపై ఇసుకబస్తాలు పేర్చినాడు. అది ఆయన ఊరు కాదు. చప్పట్లు కొట్టు జనము లేరు. అగ్నిమాపక యంత్రము వెంట పరుగెత్తువాడు వెఱ్ఱివాడని నవ్వినారే, ఆ పరుగు ఎటు పోవుటకో ఇక్కడ తెలిసినది. ఎక్కడనో ఎవరో ఆపదలో ఉన్నారన్న గంట వినబడినచో చేతిలోని బంతి ఆయనకు ఆటవస్తువే అయినది. అట్లు కాదు, గంటలు, మంటలు, ఎఱ్ఱబండ్లు చూచి పిల్లవాని వలె సంబరపడినాడంతే అని ఎవరైన అనవచ్చును. మంటకు వెలుగుంది, గంటకు మ్రోతయున్నది. చలిలో ఇసుకబస్తా మోయుటలో ఏ సంబరమున్నదో వారు చెప్పవలెను.

ఆ చలికి న్యుమోనియా పట్టినది. తేఱుకొని ఆడినాడు గాని పూర్వపు బలము రాలేదు. 1913లో చిన్న ఊళ్ల జట్లలో విసరుచుండగానే క్షయ బయటపడినది. ఆ బలమైన దేహము ఎండిపోయినది. టెక్సస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియోలో బంధువులున్నందున అక్కడి శానటోరియములో చేర్చినారు. 1914 ఏప్రిల్ 1న, ముప్పదియేడేండ్ల వయసున, వాడెల్ చనిపోయినాడు. తారీఖు చూచి ఇదియు ఒక పరిహాసమని వ్రాసినవారు లేకపోలేదు. మూడు నెలలు దాటి కొన్ని దినములకు, అదే జూలైలో, ఓసీ ష్రెకెంగోస్ట్ కూడ వెళ్లిపోయినాడు. వాడెల్ సమాధిపై మొదట సరియైన రాయి లేదు. కొన్నేండ్లకు బేస్‌బాల్ లోకమువారు చందాలు పోగుచేసి గ్రానైటు రాయి నిలిపినారు.

1946లో ఆయనను కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ కీర్తిశాలకు ఎన్నుకొన్నారు. సరిగా ఆ యేడే క్లీవ్‌లాండ్ పిచర్ బాబ్ ఫెల్లర్ ఒక్క సీజనులో 348 స్ట్రైకవుట్లు చేసినాడు. అప్పటి పుస్తకములలో వాడెల్ 1904 లెక్క 343 అని ఉండెను గనుక, నలువదిరెండేండ్ల రికార్డు పోయినదని అందఱు అనుకొన్నారు. కుక్కపిల్లల కథను, బిస్కట్ల కథను ఒక్క అక్షరము పోకుండ కాపాడిన లోకము, ఆరు స్ట్రైకవుట్లను ఎక్కడనో జారవిడిచినది. తరువాత శ్రమపడి పాత పత్రికలను, స్కోరు కాగితములను ఒక్కొక్క ఆట చొప్పున తిరిగి లెక్కించినవారికి 349 తేలినది. రెండు పెద్ద లీగులలో కలిపి దానిని దాటినవాడు 1965లో శాండీ కోఫాక్స్. కోఫాక్స్ నేషనల్ లీగువాడు. అమెరికన్ లీగు ఎడమచేతి పిచర్లలో ఆ లెక్కను దాటినవాడు నేటివఱకు లేడు.